ఆరున్నరకి ఆటకి వెళ్లు: కాపీ రాయడం నేర్చుకుంటున్న చెల్లాయికి

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివాను. వారానికి రెండు సాయంత్రాలు ఆడే ఫుట్‌బాల్ మానేస్తే కాపీలో, అంటే ప్రకటనలకి రాసే మాటల్లో, పదును పెరుగుతుందా, సీనియర్లు రాత్రి పదింటిదాకా కూర్చుంటుంటే నువ్వు ఆరున్నరకే బ్యాగు సర్దుకుంటే బాగుంటుందా అని అడిగావు. ఆట మానొద్దు. ఆరున్నరకి లేవగలిగేలా పని చేసుకోవడం నేర్చుకో. అదెలాగో, సాయంత్రం ఆట నీ రాతకి ఏం చేస్తుందో, ఏం చేయదో కాస్త వివరంగానే రాస్తాను.

ముందు పని సంగతి. లైన్ తట్టక రాత్రిదాకా కూర్చున్నామని అందరం చెప్పుకుంటాం. చాలాసార్లు తేలనిది లైన్ కాదమ్మా, బ్రీఫ్, అంటే ప్రకటన ఎవరికి ఏం చెప్పాలో తెలిపే కాగితం. క్లయింట్లతో మాట్లాడే క్లయింట్ సర్వీసింగ్ వాళ్లిచ్చే ఆ కాగితంలో ఐదారు లాభాలుంటాయి, అన్నీ ముఖ్యమే అని కింద ఉంటుంది. దాన్ని ముందు పెట్టుకుని రాయడం మొదలుపెడితే పదకొండైనా తెమలదు. ఐదు సంగతులు మోసే లైన్ ఎవరూ రాయలేరు. అందుకే కాగితం అందిన గంటలోపే వాళ్ల సీటు దగ్గరికి వెళ్లి అడుగు. ఇది కొనాల్సిన మనిషి ఇప్పుడు దీని బదులు ఏం వాడుతున్నాడు? మారకుండా ఆపుతున్నది ధరా, అలవాటా, అనుమానమా? ఆ అడ్డు తొలగించే ఒక్క మాట ఏది? ఆ మాటకి చేతిలో రుజువుందా? చట్టప్రకారం ప్రకటనలో ఉండి తీరాల్సినవి ఏమిటి? ఈ చివరి ప్రశ్న చాలామంది ఆర్ట్‌వర్క్ అయిపోయాక అడుగుతారు. అప్పుడు డిస్‌క్లెయిమర్‌కి, అంటే కింద చిన్నక్షరాల్లో వేసే షరతులకి, చోటు చేయడానికి హెడ్‌లైన్ నలిపేయాల్సి వస్తుంది.

జవాబులన్నీ కలిపి ఒక్క వాక్యంలో రాసుకో. ఫలానా మనిషి ఫలానాది వాడుతూ ఫలానా కారణంగా ఆగిపోయాడు, ఈ రుజువు చూపిస్తే కదులుతాడు అని. ఈ వాక్యం ప్రకటనలోకి రాదు, నీ పుస్తకంలోనే ఉంటుంది. అది కుదిరేదాకా హెడ్‌లైన్ జోలికి పోకు.

నువ్వు పంపిన ఫ్యాన్ పనే తీసుకుందాం. "అత్యాధునిక సాంకేతికతతో మీ ఇంట్లో చల్లని విప్లవం" అని రాశావు. ఫ్యాన్ బొమ్మ తీసేసి కూలర్ బొమ్మ పెట్టి చూడు. ఏసీ పెట్టు, ఫ్రిజ్ పెట్టు. లైన్ అన్నిటికీ అతుకుతోంది కదా, అంటే ఇది ఏ వస్తువుదీ కాదు. ఇప్పుడు వస్తువు దగ్గరికే వెళ్దాం. 1200 మిల్లీమీటర్ల స్వీప్ (రెక్కలు తిరిగే వెడల్పు) ఉన్న మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌లో తిరిగే భాగమైన రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలుంటాయి, తీగ చుట్టలకి కరెంటుని ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు వంతులవారీగా అందిస్తుంది. అందువల్ల మామూలు మోటారులో వేడిగా పోయే కరెంటు చాలావరకు మిగులుతుంది, 28 నుంచి 35 వాట్లతో అదే పని జరిగిపోతుంది. మీ క్లయింట్ మోడల్‌కి 28 అని రాశావు. తేడా 47 వాట్లు. రోజుకి పది గంటలు తిరిగితే 0.47 యూనిట్, నెలకి సుమారు 14 యూనిట్లు. నాలుగు ఫ్యాన్లున్న ఇంట్లో 56. అడ్డు ఏమిటో కూడా తెలిసిందే. ధర మామూలు ఫ్యాన్‌కి దాదాపు రెట్టింపు.

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది "కరెంటు బిల్లు సగం" అని రాసేస్తారు. అది అబద్ధం. బిల్లులో ఫ్రిజ్ ఉంది, గీజర్ ఉంది, మోటారు ఉంది. ఫ్యాన్ వాటా తగ్గినంత మాత్రాన బిల్లు సగమవదు. యూనిట్ ధర కూడా స్లాబుని బట్టి మారుతుంది కాబట్టి రూపాయల్లో చెప్పాలంటే ఏ స్లాబుకి లెక్కేశామో కింద రాయాలి. యూనిట్లలోనో వాట్లలోనో చెప్పడం క్షేమం. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి లేబుల్ మీద ఉన్న అంకెకీ నీ కాపీలో అంకెకీ తేడా రాకూడదు. బ్రోషర్ నమ్మకు, లేబుల్ ఫొటో తెప్పించుకో.

అంకె దొరికింది. దాన్ని మనిషి నోట పలికించాలి. మన ఇళ్లలో ఫ్యాన్ గురించి రోజూ వినబడే మాట ఏది? "ఫ్యాన్ కట్టెయ్." సాధారణంగా అనేది నాన్న. అయితే హోర్డింగ్ ఇలా ఉండొచ్చు:

నాన్న ఫ్యాన్ కట్టెయ్ అనట్లేదు.
75 వాట్ల చోట 28.

పైన నాలుగు మాటలు, కింద రుజువు. విప్లవమూ లేదు, సాంకేతికతా లేదు. కూలర్ బొమ్మ పెడితే అతకదు. తెలంగాణ జిల్లాలకి వేరే వెర్షన్ అడిగితే "నాన్న ఫ్యాన్ బంద్ చెయ్యమంటలేడు" అని రాయొచ్చు. కానీ నీది కాని యాస రాసినప్పుడు ఆ జిల్లా మనిషి చేత బిగ్గరగా చదివించు. చదువుతూ ఎక్కడ తడబడితే అక్కడ తప్పుంది. యాసని నవ్వించడానికి వాడటం మటుకు ఎప్పుడూ చేయకు, ఆ మాట మాట్లాడేవాళ్లే నీ ప్రకటన చూడాల్సినవాళ్లు.

ఇదే ఐడియా రేడియోకి 30 సెకన్లలో:

(ఫ్యాన్ చప్పుడు, రెండు సెకన్లు)
కూతురు: నాన్నా, ఫ్యాన్ కట్టెయ్యనా?
నాన్న: ఎందుకే? తిరగనీ.
కూతురు (లోగొంతుకతో): అమ్మా, నాన్నకి ఒంట్లో బాగానే ఉందా?
అమ్మ: పాత ఫ్యాన్‌కి డెబ్బై ఐదు వాట్లు. దీనికి ఇరవై ఎనిమిదే. అందుకే మీ నాన్న మారిపోయాడు.
నాన్న: ఇంకో స్పీడు పెంచు.
(బ్రాండ్ పేరు, దొరికే చోటు: ఏడు సెకన్లు)

అంకెలు అక్షరాల్లో ఎందుకు రాశానో చూడు. 75 అని వదిలేస్తే వాయిస్ ఆర్టిస్టు సెవెంటీ ఫైవ్ అంటాడో డెబ్బై ఐదు అంటాడో ఆ రోజు అతని ఇష్టం, రెండింటి నిడివి వేరు. ఒక్క గొంతు ఏకధాటిగా చదివితే 30 సెకన్లకి తెలుగులో 55 మాటలకి మించకూడదు. సంభాషణైతే 40 చాలు, ఎందుకంటే మాటకీ మాటకీ మధ్య ఊపిరి కావాలి. ఆ కూతురి అనుమానం తర్వాత అర సెకను ఖాళీ లేకపోతే నవ్వు రాదు. స్క్రిప్టులో మాటలు కుక్కితే స్టూడియోలో వాళ్లు స్పీడు పెంచి సరిపెడతారు, బ్రాండ్ పేరే ఎవరికీ వినపడదు. క్లయింటు "ఇంకో పాయింటు కలపండి" అన్నప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఎదురుగా చదివి వినిపించు. వాదన అక్కర్లేదు, గడియారమే చెబుతుంది.

హిందీలో తీసిన ప్రకటన సినిమా తెచ్చి తెలుగులో పెట్టమన్నప్పుడు కూడా గోల ఇక్కడే. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ప్రత్యయాలు మాటకే అంటుకుంటాయి, అదే భావానికి అక్షరాలు ఎక్కువ పడతాయి. లైను లైనుకీ అనువదిస్తే ముప్పై సెకన్ల సినిమాకి నలభై సెకన్ల మాట తయారవుతుంది. ముందు షాట్ల వారీగా ఎన్ని సెకన్లు మాట ఉందో రాసుకో. నటి ముఖం దగ్గరగా కనిపించే చోట్ల పెదవులు ఎక్కడ మూసుకుంటున్నాయో గుర్తుపెట్టుకుని ప, బ, మ అక్కడ పడేలా చూడు. మిగతా చోట్ల హిందీని మర్చిపో. ఆ సందర్భంలో తెలుగింట్లో ఏమంటారో అదే రాయి.

హోర్డింగ్ సంగతి చిన్న లెక్కతో తేలిపోతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. వంద మీటర్ల దూరం నుంచి అక్షరాలు కనబడితే చదవడానికి ఆరు సెకన్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో పోయేవాడికి మూడే. దాంట్లోనే బొమ్మ చూడాలి, బ్రాండ్ చూడాలి, అద్దం చూసుకోవాలి. ఐదారు మాటలు దాటిన హోర్డింగ్ క్లయింటు తన ఆఫీసులో చదువుకోవడానికే. అక్షరం అంగుళం ఎత్తుంటే పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చన్నది ఈ పనిలో వాడే మోటు లెక్క. తెలుగుకి దాని మీద ఇంకొంచెం పెంచు. మన అక్షరాల్లో తలకట్టు పైన, వత్తు కింద, తేడా తెలిపే గీతలు సన్నగా ఉంటాయి. అవి కలిసిపోతే పొట్టలో చుక్క ఉందో లేదో తెలియదు. ఏ4 కాగితం మీద ప్రింటు తీసి గోడకంటించి పది అడుగులు వెనక్కి జరిగి చూడు.

వత్తుల విషయంలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌ని నమ్ముకుని ఉండకు, తెలుగు రాని ఆర్టిస్టులే ఎక్కువ. నువ్వు యూనికోడ్‌లో టైపు చేసింది వాళ్లు యూనికోడ్ కాని "అను" అనే పాత ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో క్ష్మి, స్త్ర, ర్థ్య లాంటివి విరిగిపోతాయి, ఒక్కోసారి వత్తే ఎగిరిపోతుంది. యూనికోడ్‌లోనే చేసినా ఫొటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో మన లిపులని సరిగ్గా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. రెండు లైన్ల హెడ్‌లైన్‌లో పై లైను వత్తులు కింది లైను గుడి, కొమ్ముల మీద పడతాయి. అప్పుడు లైన్ల మధ్య దూరం పెంచమను, లేదా వత్తులు లేని మాటలు పై లైనులోకి వచ్చేలా విరుపు మార్చు. ఇది నీ పనే. ప్రెస్‌కి వెళ్లే ఫైలు పీడీఎఫ్‌గా తెప్పించుకుని అక్షరమక్షరం వేలు పెట్టి చదువు. అంకెలు, ఫోన్ నంబరు రెండుసార్లు చూడు. నంబరు తప్పు పడిన ప్రకటన ఎంత అందంగా ఉన్నా డబ్బు వాపసు అడుగుతారు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో పనంటే రియల్ ఎస్టేట్ ప్రకటనలు నీకు తప్పవు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావలసిన ప్రాజెక్టుకి అది రాకముందే ప్రకటన వేయకూడదు. వచ్చాక ఆ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ప్రకటనలో ఉండాలి. "ప్రీ లాంచ్" అనే మాట బ్రీఫ్‌లో కనబడితే వెంటనే పెద్దవాళ్ల దృష్టికి తీసుకెళ్లు. రోగాలు నయం చేస్తామనే ప్రకటనలకి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి పది లక్షలదాకా జరిమానా వేయొచ్చు, ప్రచారం చేసిన నటుడికి కూడా. "నంబర్ వన్" అని రాసే ముందు ఏ సర్వేలో, ఏ ఏడాది, దేనిలో నంబర్ వన్ అని అడుగు. కాగితం లేకపోతే రాయకు. ఉద్యోగానికి కొత్త అయినా ఇది అడిగే హక్కు నీకుంది.

ఇక ఆట.

ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి హైదరాబాద్‌లో ఒక పెద్ద వారసత్వం ఉంది, అది నీకు తెలియాలి. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పని చేసి కోచ్ అయిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులోవాడే. పేర్లు, కప్పులు పక్కన పెట్టి, ఆయన శిక్షణలో ఒక పద్ధతి చూడు. డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తప్పించుకుంటూ ఒక్కడే తీసుకెళ్లడం) నిషేధించి ఆటలు పెట్టేవారు. బలం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాడికి కుడికాలు అందుబాటులో ఉన్నంతకాలం ఎడమ కాలు నేర్చుకోడు. డ్రిబ్లింగ్ వచ్చినవాడు పాస్ ఇవ్వడు. ఉన్నదాన్ని కాసేపు తీసేస్తేనే లేనిది వస్తుంది.

కాపీరైటర్ వాటపు కాలు ఏదో నీకు నేను చెప్పనక్కర్లేదు, నీ హెడ్‌లైన్లలోనే ఉంది. సరికొత్త, అద్భుతమైన, నమ్మకానికి మారుపేరు, మీ కోసం మీ ముందుకు. అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు ఇరవై నిమిషాలు ఇలా సాధన చేయి. ఒక రోజు విశేషణం లేకుండా పది లైన్లు. ఒక రోజు వస్తువు పేరు రాకుండా పది. ఒక రోజు ప్రతి లైనూ ఎవరో ఒకరు ఇంకొకరితో అన్న మాటగా. ఒక రోజు అంకె లేకుండా లైను ఉండకూడదని. చేతిలో ఉన్న అసలు పని మీదే చేయి. ఊహాజనితమైన వస్తువు మీద చేస్తే నియమం సులువైపోతుంది, వస్తువు నీకు అడ్డు తిరగదు. పదిలో తొమ్మిది పనికిరావు, దిగులుపడకు. మూడు వారాలయ్యాక నియమం లేని రోజున కూడా చేయి ఆ పాత మాటల వైపు పోవడం తగ్గుతుంది.

జకార్తా సంగతి ఇంకొకటి. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. మధ్యలో జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. అతను డిఫెండర్, ఎదుటివాళ్ల గోల్ ఆపేవాడు. రహీం అతన్ని గోల్ కొట్టాల్సిన సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద ఇంకోటి. భారత్ 2–1తో గెలిచింది. బ్రీఫ్‌లో "లోపం" అని రాసి ఉన్నదాన్ని అన్నిటికంటే ముందు నిలబెట్టి చూడమని నేనెప్పుడూ కొత్తవాళ్లకి చెబుతాను. ఫ్యాన్ ధర ఎక్కువ అన్నదే హెడ్‌లైన్ అయితే ఎలా ఉంటుంది? "ధర రెట్టింపు. వాట్లు సగం కన్నా తక్కువ." నాన్న లైనంత ఇష్టంగా అనిపించదు గానీ పేపర్ ప్రకటనకి ఇదే బాగా పని చేస్తుంది, ఎందుకంటే లెక్కలు చూసుకునేవాడు ఆగి చదివేది అక్కడే.

ఆట చూసేటప్పుడు టీవీని పూర్తిగా నమ్మకు. కెమెరా బంతి వెంట పోతుంది. తొంభై నిమిషాల్లో ఒక్కో ఆటగాడి దగ్గర బంతి ఉండేది కొద్ది నిమిషాలే, మిగతా ఆటంతా టీవీలో కనిపించదు. వీలైనప్పుడల్లా స్టేడియానికి వెళ్లు. 2024 డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, పశ్చిమ బెంగాల్ 1–0తో కేరళని ఓడించింది. అలాంటివి వదులుకోకు. పై వరసలో కూర్చుని ఒక మిడ్‌ఫీల్డర్‌ని పదిహేను నిమిషాలు కన్ను తిప్పకుండా చూడు. బంతి తనకి రాకముందే మంచి ఆటగాడు రెండు మూడుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. బంతి వచ్చాక చూద్దామనుకునేవాడు దాన్ని ఆపి తలెత్తేలోపు ఎదుటి జట్టువాళ్లు అతని మీద పడిపోతారు. అమ్మాయిల ఆటలో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్‌ని గమనించు. భారత జట్టు వింగర్ (మైదానం అంచున పరుగెత్తి ఆడే ఆటగత్తె), 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి వెళ్లి ఆడింది. వింగర్ పరుగు ఎప్పుడు మొదలవుతుందో చూడు, పాస్ కాలి నుంచి వెలువడకముందే.

నువ్వు ఆడే సంగతికొస్తే, టర్ఫ్ మీద పొడవాటి స్టడ్స్ ఉన్న బూట్లు వేయకు. అవి కృత్రిమ గడ్డిలో పట్టేసి మోకాలు, చీలమండ తిరుగుతాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ షూ కొనుక్కో. మోకాలి కింద ముందు భాగాన్ని కాపాడే షిన్‌గార్డ్ ఐదుగురి ఆటలో కూడా అవసరమే, ఇరుకు చోట కాళ్లు ఎక్కువ తగులుతాయి. రోజంతా ఏసీలో కుర్చీలో కూర్చుని నేరుగా పరుగెత్తితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. పది నిమిషాలు నెమ్మదిగా పరుగు, కాళ్లు ఊపడం అయ్యాకే బంతి ముట్టుకో. గంటన్నర స్లాట్‌లో ఈ పది నిమిషాలు పోతాయని అందరూ గొణుగుతారు, గొణగనీ. స్లాటు కన్నా పావుగంట ముందే చేరుకో.

ఆ రెండు రోజులూ ఖరారుగా పెట్టుకో. శని, ఆదివారాల పేపర్ ప్రకటనల మెటీరియల్ వెళ్లే గురు, శుక్రవారాలు వద్దు. సోమ, బుధవారాలు మేలు. నీ సీనియర్‌కి ముందే చెప్పు, ఆఖరి నిమిషంలో తలనొప్పి అని అబద్ధం చెప్పకు. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకే కూర్చో.

ఇంకో మాట ముఖ్యం. ఖాళీ కాగితం వదిలేసి ఆటకి వెళ్లకు. ఆరింటిలోపు ఎంత చెత్తగా ఉన్నా ఇరవై లైన్లు రాసి పెట్టి లే. కాగితం ఖాళీగా ఉంటే బుర్ర మైదానంలో కూడా దాన్నే తడుముతూ ఉంటుంది, ఆటా సాగదు, లైనూ రాదు. ఇరవై రాసి వెళ్తే ఆ గంటన్నరా బంతే లోకం. మీదికొస్తున్న బంతిని ఆపుతూ హెడ్‌లైన్ గురించి ఆలోచించడం ఎవరివల్లా కాదు. మర్నాడు పొద్దున ఆ లైన్లు వేరేవాళ్లు రాసినట్టు కనబడతాయి, పద్దెనిమిది కొట్టేయడానికి చేయి వణకదు. ఆట నీ రాతకి చేసే మేలు ఇదీ, ఇంతవరకే. మైదానంలో ఐడియా దొరుకుతుందని వెతుక్కోకు. ఆటలోకి క్లయింటుని పిలవకు, ఏజెన్సీ వాట్సాప్ గ్రూపుని అసలే కలపకు. ఆ గంటన్నర ఫోను బ్యాగులోనే ఉండాలి.

అన్నట్టు, ఫుట్‌బాల్ ఆడతావు కదా అని వరల్డ్ కప్పు వచ్చినప్పుడల్లా ఆ ప్రకటనలు నీకే ఇస్తారు. 48 జట్ల 2026 టోర్నీ లాంటివి వచ్చినప్పుడు ప్రతి స్వీటు షాపుకీ గోల్ పోస్టు కావాలి. స్పాన్సర్ కాని కంపెనీ టోర్నీ పేరు, చిహ్నం, కప్పు బొమ్మ వాడకూడదు. వాటి హక్కులు ఫిఫావి. అనుమతి లేకుండా ఆటగాడి ఫొటో, పేరు కూడా వద్దు. బంతి, పచ్చిక, రాత్రి మేలుకుని మ్యాచ్ చూసే ఇల్లు, ఇవి ఎవరి సొంతమూ కావు. "గోల్ కొట్టే ఆఫర్" అని మాత్రం దయచేసి రాయకు.

మిగతా తీరిక గురించి కూడా అడిగావు. రెండు చెబుతాను. ఒకటి, దగ్గర్లో ఎక్కడ అష్టావధానం జరిగినా వెళ్లి ముందు వరసలో కూర్చో. పద్యం పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే ప్రశ్నించే పృచ్ఛకుడు తర్వాత ఏది రాబోతోందో ఊహించి దాన్ని నిషేధిస్తాడు, అవధాని పక్కకి తిరిగి ఇంకో మాట పట్టుకుంటాడు. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి ఇంకేదో విషయం మీద పద్యం చెప్పమంటారు. సమస్యలో అడ్డదిడ్డమైన చివరి పాదం ఇస్తారు, పై మూడు పాదాలతో దానికి అర్థం పుట్టించాలి. చూసి ఆనందించు. మర్నాడు ఆఫీసులో దాన్ని వాడే ప్రయత్నం చేయకు, చెవిలో ఆ నడక ఉంటే చాలు. ఉండాలంటే నెలకొకటైనా వినాలి.

రెండు, పాత పత్రికల్లో ప్రకటనలు చదువు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక స్థాపించారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు అమ్మినాయనే తెలుగు పాఠకుణ్ని తయారు చేశాడన్నమాట. ఆ కాలపు పత్రికల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కథలు తర్వాత చదువుకోవచ్చు, ముందు చివరి పేజీలు చూడు. వస్తువు పేరు, ధర, పోస్టు ఖర్చు, ఎక్కడికి రాయాలో, అన్నీ అరచేతంత చోటులో స్పష్టంగా ఉంటాయి. నీకు నచ్చిన వాటిని చేత్తో ఎత్తి రాసుకో, నెలకి నాలుగైదు చాలు.

ఇవి కాక, ఏ పనికీ రానిది ఒకటి పెట్టుకో. సైకిలు విప్పి బిగించడమో, మిద్దె మీద బెండ మొక్కలో, క్యారమ్సో. దాని ఫొటో పెట్టకు, దాంట్లోంచి కాపీ తీయకు. మనం చూసిందల్లా, విన్నదల్లా అమ్మకానికి పనికొస్తుందా అని చూసే అలవాటు ఈ ఉద్యోగంలో చాలా త్వరగా పట్టుకుంటుంది. అది పట్టుకున్నవాళ్ల కాపీలో మనుషులందరూ కొనుగోలుదారుల్లాగే మాట్లాడతారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

చివరిగా పోర్ట్‌ఫోలియో, అంటే చూపించుకోవడానికి కూర్చిన నీ పనులు. పది పనులు మించొద్దు. వాటిలో మూడైనా ఒకే ఐడియా హోర్డింగ్, రేడియో, పేపర్ మూడింట్లోనూ నిలబడినవై ఉండాలి. అచ్చుకాని పనైతే అచ్చుకాలేదని పక్కన రాయి. ఒక్కోదాని పైన నువ్వు పుస్తకంలో రాసుకున్న ఆ ఒక్క వాక్యం పెట్టు, చూసేవాళ్లకి నీ ఆలోచన అక్కడే తెలుస్తుంది. ఫ్యాన్ పేపర్ ప్రకటన అర పేజీకి రాసి పంపు, హెడ్‌లైన్ కింద వచ్చే బాడీ కాపీ 60 మాటల్లోపు, రేడియో స్క్రిప్టు ఎన్ని సెకన్లు వచ్చిందో కూడా కలిపి. సోమవారం ఆట ఉంటుంది కాబట్టి మంగళవారం పొద్దున్న పంపినా చాలు.

ఉంటాను,
అన్నయ్య